సిఫు తాగని కాఫీ

పోయిన వారం ఆఫీసు పార్కింగ్ లాట్‌లో బ్లాక్ ఐస్ మీద జారిపడ్డాను. ఒక భుజాన లాప్‌టాప్ బ్యాగు, ఒక చేతిలో కాఫీ ఫ్లాస్కు, చూడటానికి తడిసిన తారురోడ్డులా ఉండి కాలు పెడితే తప్ప మంచని తెలియని మిషిగన్ జనవరి నేల. రెండు కాళ్ళూ ఒకేసారి పైకి లేచాయి. నేను ఆలోచించేలోపే గడ్డం వెళ్ళి ఛాతీకి ఆనుకుంది, వీపు గుండ్రంగా ఒంగింది, ఫ్లాస్కు వదిలేసిన చెయ్యి నేలను బారుగా చరిచింది. తల తగల్లేదు, మణికట్టు విరగలేదు. లేచి, దులుపుకొని, ఎవరూ చూడలేదని రూఢి చేసుకొని, వెళ్ళి మీటింగ్‌లో కూర్చున్నాను. సాయంత్రం అపార్ట్‌మెంట్‌కి వచ్చాక తుంటి మీద నేరేడుపండు రంగులో కమిలిన చోటు కనిపిస్తే, బాత్రూమ్ అలమరలో అట్టడుగున, గడువు దాటిన జ్వరం మాత్రల వెనకాల, పదేళ్ళుగా నాతో పాటు మూడు ఇళ్ళు మారిన గోధుమరంగు సీసా బయటికి తీశాను.

మూత బిగుసుకుపోయింది, తువ్వాలు చుట్టి తిప్పితే వదిలింది. వదలగానే బాత్రూమంతా కర్పూరం, శొంఠి, ఏళ్ళ తరబడి నానిన ఏవో వేళ్ళు, వాటన్నిటినీ మోస్తున్న ఘాటైన సారా వాసన. చైనా వాళ్ళ దెబ్బల మందు అది. మా అమ్మ మొదటిసారి పీల్చినప్పుడు "ఆయుర్వేదం కొట్లోకి తాగుబోతు దూరినట్టుంది" అంది. ఇలాంటి వాసన తగిలినప్పుడు కళ్ళు చెమర్చాయని అందరూ రాస్తారు. నా కళ్ళు చెమర్చలేదు. కాస్త చేతిలో వొంపుకొని తుంటికి రాసుకుంటూ, సీసాలో ఇంకా పావు వంతు మిగిలి ఉందని మాత్రం గమనించాను.

2001లో నాకు తొమ్మిదేళ్ళు. నాన్నకు డెట్రాయిట్ దగ్గర కార్ల కంపెనీలకు సాఫ్ట్‌వేర్ చేసిపెట్టే ఉద్యోగం దొరికి గుంటూరు నుంచి ఫార్మింగ్టన్ హిల్స్‌కి వచ్చాం. మా అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లో సగం తెలుగువాళ్ళే. శీతాకాలం వస్తే గుమ్మాల ముందు బూట్ల వరసలు, వాటి కింద కరిగిన మంచు బురద, ప్రతి కోటులోనూ ఇంగువ తాళింపు వాసన. ఆ వాసన స్కూల్ బస్సులో ఎవరైనా పసిగడతారేమోనని పిల్లలందరం కోట్లను బాల్కనీలో ఆరేసి, పొద్దున అట్టలా బిగుసుకుపోయిన వాటిలోకి దూరేవాళ్ళం. ఎండాకాలం మొదలయ్యేటప్పుడు కాటన్‌వుడ్ చెట్ల దూది పార్కింగ్ అంతా ఎగిరేది, దాన్ని పోగుచేసి దిండ్లు కుట్టాలని ప్రతి ఏడూ అనుకొని ప్రతి ఏడూ తుమ్ములతో సరిపెట్టుకునేవాళ్ళం. సాయంత్రాలు అంకుల్స్ చేతులు వెనక్కి కట్టుకొని గ్రీన్‌కార్డు ప్రయారిటీ డేట్ల గురించి మాట్లాడుకుంటూ కాంప్లెక్స్ చుట్టూ ప్రదక్షిణలు చేసేవాళ్ళు. ఆంటీలు తలా ఒకటి వండి తెచ్చుకునే పాట్‌లక్ విందుల డబ్బాల అడుగున మాస్కింగ్ టేప్ అంటించి ఇంటిపేర్లు రాసుకునేవాళ్ళు. మా అమ్మకు ఆ టేప్ అక్కర్లేదు. ఆవిడ స్టీలు సామానంతా గుంటూరు నుంచి సూట్‌కేసుల్లో వచ్చిందే, ప్రతిదాని మీదా ఎవరో ఒకరి పేరు చుక్కలు చుక్కలుగా చెక్కే ఉంటుంది. ఆదివారం ఒక పేజీ తెలుగు రాస్తే తప్ప టీవీ పెట్టనివ్వని మనిషి కూడా ఆవిడే. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆ శిక్ష పుణ్యమే.

కాంప్లెక్స్‌లో వాషింగ్ మెషిన్లు ఎప్పుడు చూసినా పాడై ఉండేవి. అందుకని ప్రతి శనివారం ఉదయం అమ్మ రెండు చాకలిమూటలు కార్లో వేసుకొని రోడ్డవతలి స్ట్రిప్ మాల్‌లోని లాండ్రోమాట్‌కి వెళ్ళేది. ఒక చివర లాండ్రోమాట్, ఇంకో చివర ఇండియన్ గ్రోసరీ, మధ్యలో కుంగ్‌ఫూ స్కూలు. డ్రయ్యర్లలోంచి వచ్చే కృత్రిమ మల్లెపూల వాసనా, గ్రోసరీలోంచి వచ్చే అగరొత్తులూ కరివేపాకూ కలిసిన వాసనా ఆ స్కూలు గుమ్మం దగ్గర కొట్టుకునేవి, లోపలికి అడుగు పెడితే రెండిటినీ మింగేసి దెబ్బల మందు వాసన. రెండు లోడ్లు ఉతికి ఆరడానికి రెండు గంటలు పట్టేది. ఆ రెండు గంటలు నేను కాళ్ళకు అడ్డం పడకుండా ఉండటానికి అమ్మ నన్ను కుంగ్‌ఫూలో చేర్పించింది. ఆత్మరక్షణ, క్రమశిక్షణ లాంటి మాటలన్నీ తర్వాత నాన్న ఇండియాకి ఫోన్ చేసినప్పుడు కలుపుకున్నవి.

లోపల ఉన్నది ఒకే హాలు, మధ్యలో నీలం తెర. అద్దాలున్న ముందు సగంలో మిస్ లిన్ క్లాసు. తెర వెనక, కిటికీ లేని సగంలో, ఆవిడ తండ్రి క్లాసు. ఆయన్ని అందరూ సిఫు అనేవాళ్ళు, గురువుగారు అన్నమాట. మిస్ లిన్ పిల్లలు ఎర్ర పట్టు బట్టలు వేసుకునేవాళ్ళు, బంగారు రంగు నడికట్లు కట్టుకునేవాళ్ళు, గాల్లో ఒళ్ళంతా అడ్డంగా పడుకోబెట్టి సీతాకోకచిలకల్లా తిరిగేవాళ్ళు. అన్నిటికన్నా గొప్పది టోర్నడో కిక్: ఎగిరి, సుడి తిరుగుతూ, తల ఎత్తుకు లేచిన సొంత పాదాన్ని గాల్లోనే అరచేత్తో ఫట్‌మని చరిచి దిగడం. ఆ చప్పుడు లాండ్రోమాట్ దాకా వినిపించేది. పోటీల్లో గెలిచిన కప్పులు కిటికీ నిండా ఉండేవి. వాళ్ళ కత్తులు రేకువి, ఊపితే గలగలమనేవి, అమ్మ ఒకసారి ఒకటి చేతిలోకి తీసుకొని ఊపి చూసి, "కత్తా ఇది? అప్పడంలా ఊగుతోంది. పైన పటారం, లోన లొటారం," అని తిరిగిచ్చేసింది. నాకు మాత్రం ఆ పటారమే కావాలనిపించింది. కానీ ముందు క్లాసులో ఖాళీ లేదు, అందువల్ల తెర వెనక్కి వెళ్ళాను.

సిఫుకి అప్పటికే డెబ్బై దాటి ఉంటాయి. మోచేతుల దగ్గర అతుకులు వేసిన ఊలు స్వెట్టరు, వెల్క్రో బూట్లు, జేబులో ఎప్పుడూ పొద్దుతిరుగుడు గింజలు. ఆయన ఇంగ్లీషు నాలుగు మాటల ఇంగ్లీషు, కొత్తగా వచ్చిన నా ఇంగ్లీషూ అంతే, అందుకే ఒకరికొకరం బాగా అర్థమయ్యేవాళ్ళం. మొదటి రోజు గుర్రమెక్కినట్టు మోకాళ్ళు వంచి నిలబడమని చెప్పి, ఆయన స్టూలు మీద కూర్చొని గింజలు కొరుక్కున్నారు. రెండో వారమూ అంతే, ఆరో వారమూ అంతే. తొడలు వణికి, కళ్ళలో నీళ్ళు తిరిగి, తెర అవతల ఫట్ ఫట్‌మని కిక్కుల చప్పుడు వింటూ నేను నిలబడి ఉంటే, తడిబట్టల మూటతో తొంగిచూసిన అమ్మ, "రెండు గంటలూ ఇట్టా నిలబెట్టడానికి బడి ఎందుకే? ఇంట్లో గోడకుర్చీ వేయిస్తే పోయేది," అంది.

తర్వాత పడటం మొదలైంది. నేను తన్నడం నేర్చుకుందామని వెళ్ళి దాదాపు రెండేళ్ళు పడటమే నేర్చుకున్నాను. గడ్డం లోపలికి, వీపు గుండ్రంగా, చేతులు ముందుకు చాచకు, నేలతో పోట్లాడకు, చరిచి వదిలెయ్. ముందుకు, వెనక్కి, పక్కకి, కళ్ళు మూసుకొని, చెప్పకుండా తోస్తే. ఆయన అనేది ఒకటే మాట: "ముందు పడు. తర్వాత తన్ను." ఆయన సొంత తన్ను చూస్తే అది తన్నని కూడా తెలియదు. నడుము పైకి కాలు లేచేది కాదు. రెండు చేతుల్లో గిన్నెలున్నప్పుడు అమ్మ కాలితో ఫ్రిజ్ తలుపు మూస్తుంది చూడండి, అలా ఉండేది. ముందు క్లాసులో పోటీలు గెలిచిన ఆరడుగుల కుర్రాడొకడు ఒకసారి తెర దాటి వచ్చి సరదాగా ఆయన తల మీదుగా కాలు విసిరాడు. సిఫు వెనక్కి తప్పుకోలేదు, ఒక అడుగు ముందుకు వేశారు, అంతే. వాడు నిలబడి ఉన్న ఒంటి కాలి పిక్కను వెల్క్రో బూటుతో తాకారు. కుర్రాడు కూర్చుండిపోయాడు. సిఫు వాడికి చెయ్యిచ్చి లేపి, గుప్పెడు గింజలు పెట్టి పంపించారు. మేమెవరమూ చప్పట్లు కొట్టలేదు, ఎందుకంటే చూడటానికి అక్కడ ఏమీ లేదు.

పడటం నాకు ఆటైపోయింది. మంచు కుప్పల మీంచి పడేవాళ్ళం, మెట్ల మీద ఆఖరి మూడు మెట్ల నుంచి పడేవాళ్ళం, అక్టోబరులో కాంప్లెక్స్ తోటమాలి పోగుచేసిన మేపుల్ ఆకుల గుట్టల్లోకి వీపు పెట్టి పడి, పుట్టగొడుగుల వాసన వేసే ఆ తడి ఆకులు జడలో ఇరుక్కుంటే అమ్మ చేత తిట్లు తినేవాళ్ళం. మోచేతులు కమిలితే సిఫు ఈ సీసాలోంచే నాలుగు చుక్కలు అరచేతిలో వేసుకొని, చేతులు వేడెక్కేదాకా రుద్ది, అప్పుడు దెబ్బ మీద పెట్టేవారు. గురువుల్లో నన్ను కొట్టిన వాళ్ళున్నారు, పొగిడిన వాళ్ళున్నారు. చేతులు వేడిచేసుకొని తాకిన మనిషి ఆయన ఒక్కరే.

ఆయన స్టూలు పైన గోడకు ఒక చెక్క అర ఉండేది, దాని మీద నాలుగు కప్పులు. ఒకటి బేస్‌బాల్ టీము బొమ్మున్న మగ్గు, ఒకటి చెవి విరిగిన పింగాణీ కప్పు, ఒకటి పిల్లలు పాలు తాగే ప్లాస్టిక్‌ది, ఒకటి ఆకుపచ్చ గాజుది. చాలా కాలం అవి మామూలు సామాననుకున్నాను. తర్వాత మిస్ లిన్ చెప్పింది. వాళ్ళలో ఒక పద్ధతి ఉంది; గురువు ఎవరినైనా తన శిష్యులుగా ఒప్పుకుంటే, ఆ పిల్ల లేదా పిల్లవాడు ఇంటి నుంచి తన సొంత కప్పు తెచ్చి, అందులో టీ పోసి, రెండు చేతులతో అందించాలి. ఆయన తాగితే ఒప్పుకున్నట్టు. ఆ కప్పు ఇక అక్కడే ఉండిపోతుంది. ఫీజు కట్టి నేర్చుకున్న వాళ్ళు వందల మంది ఉండొచ్చు, కప్పులు మాత్రం నాలుగే. ముందు క్లాసు పిల్లల్లో ఒక్కరి కప్పూ లేదు, ఆయన కూతురిదీ లేదు. ఆ చివరి మాట చెప్పేటప్పుడు మిస్ లిన్ నవ్వింది గానీ అద్దం వైపు తిరిగి నవ్వింది.

2005 ఫిబ్రవరిలో, నాకు పదమూడేళ్ళప్పుడు, సిఫు గింజలు కొరకడం ఆపి అర వైపు చూపించి, "వసంతంలో నువ్వు కప్పు తీసుకురా," అన్నారు. ఇంటికెళ్ళి అమ్మ వంటింట్లో ఏ కప్పు తీసుకెళ్ళాలా అని వారం రోజులు వెతికాను. చివరికి మా అమ్మమ్మ స్టీలు గ్లాసు ఎంచుకున్నాను, అంచు మందంగా, నడుము కాస్త లోపలికి ఉండి, మీద 'కోటమ్మ' అని చుక్కలతో చెక్కినది. అమ్మమ్మ పోయాక ఆవిడ వస్తువుల్లో అమ్మ తెచ్చుకున్నది అదొక్కటే. అమ్మకు చెప్పకుండా దాన్ని ప్రాక్టీస్ బ్యాగులో టవల్‌లో చుట్టి దాచాను. జీవితంలో నేను నిజంగా కోరుకున్నవి కొన్నే ఉన్నాయి, వాటిలో ఆ అర మీద ఐదో కప్పు ఒకటి.

రెండోది ఎర్ర పట్టు బట్టలు. అదే వసంతంలో మా తెలుగు సంఘం ఉగాది కార్యక్రమానికి 'వెరైటీ ఐటమ్' కావాలని కల్చరల్ సెక్రెటరీ యాదగిరి అంకుల్ పట్టుబట్టాడు. ఆడపిల్లలు ఐదుగురు, ఎర్ర బట్టలు, వెనకాల డప్పులు, ఆఖర్న అందరూ ఒకేసారి టోర్నడో కిక్. నలుగురు ముందు క్లాసులోనే ఉన్నారు, ఐదో పిల్లను నేను. మొదట్లో నాన్న, "అమ్మాయి నేర్చుకునేది వేరేనండీ," అని నసిగితే, యాదగిరి అంకుల్ కొట్టిపారేశాడు: "గుర్రమెక్కినట్టు నిలబడితె ఎవడు చూస్తడన్నా? పిల్ల గాల్లె తిరగాలె, జనం లేసి నిలబడాలె." నాన్న నా వైపు చూశాడు. నేను అప్పటికే తలూపేశాను.

మూడు వారాలు బుధవారాలూ శుక్రవారాలూ ముందు హాల్లో ఎగిరాను. ఎగరడం నాకు తేలిగ్గానే వచ్చింది, పాదాన్ని చరవడమూ వచ్చింది. అద్దంలో నన్ను నేను చూసుకొని ఇది నేనేనా అని మురిసిపోయాను. ఒక శుక్రవారం నీలం తెర పక్కకు జరిగింది. సిఫు తెర వెనకే కూర్చొని విన్నారట, చూడలేదు.

"కాలు దిగితే ఒక చప్పుడు రావాలి," అన్నారు. "నీకు రెండు వస్తున్నాయి." ఒంగి నా కుడి మోకాలు పట్టుకున్నారు. "ఇది ఆగుతోంది. నడుము ఇంకా తిరుగుతోంది. మూడు నెలలు ఆగు. దిగడం నేర్పిస్తాను, తర్వాత ఎగురు." మోకాలు వదిలి అడిగారు: "స్టేజి మీద చేస్తావా?"

"చేయను," అన్నాను.

ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట. ఆయన నమ్మారు. నమ్మి, "అయితే వచ్చే ఆదివారం కప్పు తీసుకురా," అన్నారు. ఉగాది కార్యక్రమం దానికి ముందురోజు, శనివారం. శనివారం ఎగిరి, ఆదివారం టీ పోస్తే రెండూ దక్కుతాయని లెక్క వేసుకున్నాను. రెండు పడవల మీద కాళ్ళంటారే, అది.

కార్యక్రమం అద్దెకు తీసుకున్న హైస్కూలు ఆడిటోరియంలో జరిగింది. బయట లాబీలో అల్యూమినియం ట్రేల నిండా పులిహోర, ఒక ఆంటీ రెండు రోజులు కూర్చొని చేసిన రెండువందల బొబ్బట్లు, మెక్సికన్ కొట్లో దొరికిన మామిడికాయలూ ఎవరో ఇండియా నుంచి పొట్లం కట్టి తెచ్చిన ఎండు వేపపువ్వూ వేసిన ఉగాది పచ్చడి, పేపరు కప్పుల్లో. పిల్లలందరూ దాన్ని ముక్కు మూసుకొని మింగి నీళ్ళ ఫౌంటెన్ వైపు పరిగెత్తేవాళ్ళు. మైకు ఎప్పటిలాగే కూసింది, గంటన్నర ఆలస్యంగా దీపం వెలిగించారు. మా ముందు చిన్నపిల్లల పుష్పాంజలి, సరోజ ఆంటీ నేర్పిన కూచిపూడి; పళ్ళాల్లోంచి గులాబీ రేకులు చల్లి వెళ్ళిపోయారు. స్టేజి ఊడవడానికి టైం లేదన్నారు. డప్పులు మోగాయి.

మిగతాదంతా బాగానే చేశాను. ఆఖర్న ఎగిరాను, తిరిగాను, పాదం అరచేతికి సరిగ్గా తగిలింది, హాలంతా ఫట్‌మంది. కుడికాలు నేలకు దిగింది. సిఫు చెప్పినట్టే మోకాలు ఆగింది, నడుము ఆగలేదు. లోపల ఏదో తడి కొమ్మ విరిగినట్టు చప్పుడైంది, అది నాకు చెవులతో కాదు పళ్ళతో వినిపించింది. ఆ వేగానికి నేను స్టేజి అంచు వైపు తలకిందులుగా వెళ్తున్నాను, కింద ఆర్కెస్ట్రా కోసం వదిలిన సిమెంటు గుంట. గడ్డం లోపలికి వెళ్ళింది. భుజం నేలను తాకింది, వీపు దొర్లింది, చెయ్యి చరిచింది, అంచుకు జానెడు ఇవతల ఎడమ మోకాలి మీద ఆగాను, పిడికిలి అరచేతికి ఆనించి నమస్కారం కూడా పెట్టాను. అదంతా నేను చేసింది కాదు. నాలుగేళ్ళ శనివారాలు చేశాయి.

జనం లేచి నిలబడ్డారు. నేను చేసినవాటిలో వాళ్ళకు బాగా నచ్చింది అదే. ఐటమ్‌లో భాగమనుకున్నారు. యాదగిరి అంకుల్ ఈల వేశాడు, నాన్న కామ్‌కార్డర్ పట్టుకొని నవ్వుతూనే ఉన్నాడు. నేను లేవడం లేదని మొదట అమ్మే గమనించింది.

మోకాలి లోపలి లిగమెంటు తెగింది, ఆపరేషన్ చేశారు. ఊరంతా గులాబీ రేకులని తిట్టింది. సరోజ ఆంటీ హాస్పిటల్‌కి వచ్చి నా మంచం పక్కన ఏడ్చింది, సంఘం వాళ్ళు మీటింగు పెట్టి ఇకమీదట స్టేజి మీద పూలు చల్లకూడదని తీర్మానం చేశారు. నా కాలి కింద ఒక్క రేకు కూడా లేదని నాకు తెలుసు. ఆడలేక మద్దెల ఓడన్న సామెత నా మీదే పుట్టింది, అయినా నోరు విప్పలేదు. సరోజ ఆంటీ ఏడుస్తుంటే ఆవిడ భుజం మీది సేఫ్టీ పిన్ను వంకే చూస్తూ ఉన్నాను. ఏమీ అనిపించలేదు. ఆపరేషన్ తర్వాత మోకాలి కింద బయటి వైపు అరచేయంత మేర చర్మానికి స్పర్శ పోయింది. ఏడాదిలో తిరిగి రావచ్చన్నాడు డాక్టరు. మిగతా నాకు ఏమైందో ఆయన్ని ఎవరూ అడగలేదు.

ఇంటికొచ్చిన పది రోజులకు, ఒక మధ్యాహ్నం, సిఫు వచ్చారు. బస్సు దిగి, ఏప్రిల్ వానలో తడుస్తూ, అడ్రసు రాసిన కాగితం ముక్క పట్టుకొని. నా గది తలుపు ఓరగా ఉంది, హాల్లో మాట్లాడేది అంతా వినిపిస్తోంది. అమ్మ ఆయనకు తువ్వాలిచ్చి, సోఫాలో కూర్చోబెట్టి, మన ఇంటికొచ్చిన పెద్దమనిషి ఊరికే వెళ్ళకూడదు కదా, కాఫీ కలిపింది. నా ప్రాక్టీస్ బ్యాగు ఖాళీ చేసినప్పుడు దొరికిన అమ్మమ్మ గ్లాసు తోమి గట్టు మీద బోర్లించి ఉంటే, చేతికి అందింది కదాని అందులోనే పోసింది. గ్లాసు టేబుల్ మీద పెట్టిన చప్పుడు విన్నాను. ఆయన దాన్ని నెమ్మదిగా తిప్పి చూసిన చప్పుడూ విన్నాను.

"ఇది ఏం రాసుంది?" అన్నారు ఇంగ్లీషులో.

"మా అమ్మ పేరు," అంది అమ్మ.

గ్లాసు ఎత్తిన చప్పుడు మాత్రం రాలేదు. ఆయన ఎదురుచూస్తున్నారు. అబద్ధం చెప్పానని తెలుసు, మోకాలు పోయిందని తెలుసు, అయినా ఆ గ్లాసు నేను వచ్చి రెండు చేతులతో అందిస్తే తాగడానికి వానలో బస్సెక్కి వచ్చారు. ఆ ఇంట్లో ఆ సంగతి ఇద్దరికే తెలుసు. చంక కర్రలు మంచానికి ఆనించే ఉన్నాయి, హాలు పన్నెండడుగుల దూరం. "ఒసేయ్, సిఫుగారొచ్చారు, పలకరించవే," అని అమ్మ తలుపు తోసింది. కళ్ళు మూసుకొని పడుకున్నాను. అమ్మ తలుపు చేరవేసి, మందులకి నిద్రపోయిందని చెప్పింది. దాదాపు గంట కూర్చున్నారాయన. ఆ గంటలో లేద్దామని నేను ఒక్కసారి కూడా అనుకోలేదు, అదే నాకు ఇప్పటికీ అర్థం కాదు. సిగ్గు ఉండుంటే దాన్ని ఆనవాలు పట్టేదాన్ని. సిగ్గు కూడా లేదు. సీలింగు మీద నీళ్ళ మరక ఒకటి ఉండేది, దాని అంచులు లెక్కపెట్టాను.

ఆయన వెళ్ళాక అమ్మ మొహం మాడ్చుకొని వచ్చింది. "ఒక్క గుక్క కూడా తాగలేదే కాఫీ. మీగడ కట్టిపోయింది. అంత అంటరాని కాఫీనా మనది?" అంటూ ఈ గోధుమరంగు సీసా నా తలగడ పక్కన పెట్టింది.

మళ్ళీ ఆ స్కూలుకి వెళ్ళలేదు. కాంప్లెక్స్‌లో వాషింగ్ మెషిన్లు బాగుచేశారు, అమ్మకు శనివారాల అవసరం తీరిపోయింది. రెండు శీతాకాలాల తర్వాత ఆ పెద్దాయన పోయారని గ్రోసరీ ఆంటీ కరివేపాకు తూస్తూ చెప్పింది. కార్ల కంపెనీలు కుదేలైనప్పుడు నాన్న ఉద్యోగం కంప్యూటర్ చిప్పుల కంపెనీకి మారి, అమ్మా నాన్నా అరిజోనాలోని చాండ్లర్‌కి వెళ్ళిపోయారు. నేను చదువయ్యాక ఉద్యోగానికి మళ్ళీ ఇక్కడికే వచ్చాను. ఆ స్ట్రిప్ మాల్ ముందు నుంచే రోజూ డ్రైవ్ చేస్తాను. లాండ్రోమాట్ ఉన్న చోట కుక్కలకు స్నానాలు చేయించే కొట్టు, గ్రోసరీ పెద్ద బిల్డింగులోకి మారింది, కుంగ్‌ఫూ స్కూలులో ట్యాక్సులు చేసిపెట్టే ఆఫీసు. నీలం తెర, కిటికీలో కప్పులు, అర మీద నాలుగు కప్పులు ఎటు పోయాయో ఎవరినీ అడగలేదు. మోకాలి కింద స్పర్శ రాలేదు. మొన్న తుంటికి రాసుకున్న మందు అక్కడ కూడా కాస్త రాసి చూశాను. తుంటి భగ్గుమంది, అక్కడ మాత్రం ఏమీ తెలియలేదు.

నిన్న ఆదివారం అమ్మకు ఫోన్ చేసినప్పుడు పడ్డ సంగతి చెప్పాను. మందు సంగతి చెప్పాను. ఇన్నేళ్ళు చెప్పని కాఫీ సంగతి, కప్పుల పద్ధతి, నేను మేలుకొనే ఉన్న సంగతి కూడా చెప్పాను. అవతల పప్పు కుక్కరు రెండు కూతలు కూసింది, అమ్మ స్టవ్ కట్టేసిన చప్పుడైంది.

"నాకేం తెలుసే," అంది చివరికి. "మళ్ళీ వచ్చాడుగా ఆయన."

"ఎప్పుడు?"

"నువ్వు స్కూలుకి పోవడం మొదలెట్టాక. నువ్వు లేవని చెప్పా. కాఫీ అడగలా, ఎటూ ముట్టుకోడు కదాని. ఆ స్టీలు గ్లాసు ఇవ్వమని అడిగాడు. తీసుకెళ్తానన్నాడు. అమ్మ గుర్తు కదే, ఎట్టా ఇస్తాను? కొత్త గ్లాసు కొనిస్తాలెండి అన్నా. సరేనని తలూపి పోయాడు." తర్వాత చిన్న గొంతుతో, "ఇవ్వాల్సిందా?" అంది.

"ఫర్వాలేదులేమ్మా," అన్నాను.

ఆ గ్లాసు ఇప్పుడు నా దగ్గరే ఉంది. చాండ్లర్ వెళ్ళేటప్పుడు అమ్మే ఇచ్చింది. వంటింటి గట్టు మీద పెన్నులు, కత్తెర వేసి ఉంచుతున్నాను. ఫోన్ పెట్టేశాక వాటిని తీసి పక్కన పెట్టాను, గ్లాసు తోమాను, కాఫీ కలిపి అందులో పోశాను. రెండు చేతులతో పట్టుకొని టేబుల్ దాకా పన్నెండడుగులు నడిచి, ఖాళీ కుర్చీ ముందు పెట్టాను. ఎదురుగా కూర్చున్నాను. కాసేపటికి మీగడ కట్టింది.